పాత అంబాసిడర్‌కి స్పార్క్, టైమింగ్: ఒక్క బల్బుతో మనమే సెట్ చేసుకోవడం ఎలా?

(ఇది మా వీడియో ఎపిసోడ్‌కి రాతప్రతి. చదవడానికి వీలుగా అక్కడక్కడా మాటలు సర్దాం. విషయం మాత్రం వీడియోలో ఉన్నదే.)

ఈ రోజు మన ముందున్న బండి మా మావయ్యది. 1984 మోడల్ అంబాసిడర్, మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఈ బండి ఎక్కని పెళ్లికొడుకు తక్కువ. అలాంటిది ఏడాదిగా షెడ్డులో పడి ఉంది. జబ్బు ఏమిటంటే, పొద్దున్నే సెల్ఫ్ కొడితే చక్కగా లేస్తుంది. పావుగంట తిరిగాక మిస్ కొట్టి ఆగిపోతుంది. గంటసేపు వదిలేస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

ముందు పెట్రోల్ పంపు అన్నారు, మార్చారు. తర్వాత కార్బొరేటర్ అన్నారు, విప్పి కిట్ వేశారు. డబ్బు పోయింది గానీ జబ్బు పోలేదు. విసుగొచ్చి మావయ్య పాత ఇనుము కొనేవాళ్లతో బేరం కుదుర్చుకున్నాడు. ఆదివారం వచ్చి పట్టుకెళ్తామన్నారు. నేను శుక్రవారం రాత్రి ఊరికి చేరాను. అంటే చేతిలో ఉన్నది ఒక్క రోజు.

నేను మెకానిక్‌ని కాదు. బీటెక్ చేసి కొన్నేళ్లు కోడ్ రాశాను. ఆ ఉద్యోగం నేర్పిన పద్ధతి ఒకటుంది: ఊహించి మార్చకూడదు, కొలిచి మార్చాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఈ ఎపిసోడ్ మొత్తం అదే.

ముందు స్పార్క్ ఎలా పుడుతుందో చూద్దాం

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులు. ప్లగ్గు దగ్గర గాలిని చీల్చుకుని నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేది ఇగ్నీషన్ కాయిల్.

కరెంటు దారి ఇదీ. బ్యాటరీ నుంచి తాళం స్విచ్‌కి, అక్కడి నుంచి కాయిల్ ప్లస్ టెర్మినల్‌కి. కాయిల్ మైనస్ నుంచి ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ పక్కకి వెళ్తుంది. మన దగ్గర కొందరు మేస్త్రీలు దీన్నే డెల్కో అంటారు. దాని లోపల కాంటాక్ట్ పాయింట్లు ఉంటాయి. అవి మూసుకున్నప్పుడు కరెంటు ఎర్త్‌కి పోతుంది, కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం నిండుతుంది. పాయింట్లు తెరుచుకోగానే కరెంటు తెగుతుంది, క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. కాయిల్ లోపలి రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టేది ఆ కూలిన క్షణంలోనే. గుర్తుపెట్టుకోండి, స్పార్క్ వచ్చేది పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడు. టైమింగ్ కథంతా ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తుంది.

ఆ వేల వోల్టులు కాయిల్ నడిమి మందపాటి వైరులోంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యకి వస్తాయి. అక్కడ చిన్న కార్బన్ బ్రష్, దాని కింద తిరిగే రోటర్. రోటర్ ఎటు తిరిగి ఉంటే ఆ సిలిండర్ ప్లగ్గుకి స్పార్క్ వెళ్తుంది.

మరి కండెన్సర్ ఎందుకు? పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు అంత తేలిగ్గా ఆగదు, ఆ సందులోంచి దూకాలని చూస్తుంది. ఆ దూకుడుని కండెన్సర్ తనలోకి తీసుకుంటుంది. సుమారు 0.2 మైక్రోఫారడ్ ఉండే చిన్న డబ్బా అది. అది చచ్చిపోతే పాయింట్ల మధ్యే నీలిమంటలు లేస్తాయి, క్షేత్రం నెమ్మదిగా కూలుతుంది, ప్లగ్గు దగ్గర స్పార్క్ నీరసిస్తుంది.

జబ్బు ఎక్కడుంది?

శనివారం పొద్దున్నే బండి తీసి, అది ఆగిపోయేదాకా ఊరి బయట తిప్పాం. ఆగింది. చల్లారకముందే చూడాలి, చల్లారితే ఆధారం పోతుంది. ఒక ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజిన్ ఇనుముకి ఆనించాను. ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లయర్‌తో పట్టుకున్నాను. మావయ్య సెల్ఫ్ కొట్టాడు. ఈ పరీక్ష చేసేటప్పుడు పెట్రోల్ వాసన ఉంటే ఆగిపోండి. కార్బొరేటర్‌కి, విప్పిన ప్లగ్గు రంధ్రానికి దూరంగా చేయండి.

స్పార్క్ నీలంగా, బలంగా, టక్‌టక్‌మని రావాలి. మాకు సన్నగా, పసుపు రంగులో, ఉండీలేనట్టు వచ్చింది. అంటే పంపు, కార్బొరేటర్ ఏ తప్పూ చేయలేదు. ఏడాది పాటు వాటి మీద పెట్టిన ఖర్చు అంతా పక్కింటి తలుపు కొట్టడమే.

ఇప్పుడు మన ఆయుధం. 12 వోల్టుల చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. ఒకటి ఎర్త్‌కి పెట్టండి. తాళం ఆన్ చేసి రెండోది కాయిల్ ప్లస్‌కి ఆనించండి. వెలగాలి. వెలగకపోతే స్విచ్ దగ్గరో దారిలోనో వైరు తెగినట్టు. మీటర్ ఉంటే ఇంకా మంచిది: పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.4 ఉండి కాయిల్ దగ్గర 10 చూపిస్తే, మధ్యలో ఏదో టెర్మినల్ తుప్పు పట్టి కరెంటు తినేస్తోందని అర్థం.

తర్వాత బల్బుని కాయిల్ మైనస్‌కి మార్చండి. సెల్ఫ్ కొడుతుంటే బల్బు వెలుగుతూ ఆరుతూ ఉండాలి. పాయింట్లు తెరిస్తే వెలుగు, మూస్తే చీకటి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా మురికి పట్టాయి, లేదా డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వైరు తెగింది. ఎప్పుడూ ఆరిపోయే ఉంటే పాయింట్లు ఎక్కడో ఎర్త్‌కి తగులుతున్నాయి, కండెన్సర్ షార్ట్ అయింది, లేదా కాయిల్ లోపలి చుట్టే తెగింది.

మా బల్బు బుద్ధిగా వెలుగుతూ ఆరుతూనే ఉంది. కానీ క్యాప్ తీసి సెల్ఫ్ కొడితే పాయింట్ల మధ్య నీలి మెరుపులు దీపావళిలా కనిపించాయి. అది కండెన్సర్ గుర్తు. వేడెక్కితే లోపల తెగుతోంది, చల్లారితే కలుస్తోంది. కండెన్సర్ ఒక్కటే మార్చి, ఇంకేదీ ముట్టకుండా బండి తీశాం. నలభై నిమిషాలు తిరిగినా ఆగలేదు. అప్పుడు నమ్మాను.

అక్కడితో కథ అయిపోవాలి. కానీ ఏడాదిగా ఆ మెరుపులు తిన్న పాయింట్లు ఒకవైపు గుంట, ఒకవైపు గుబ్బ కట్టి ఉన్నాయి. ఎమరీ పేపర్‌తో రుద్ది లాగొచ్చు గానీ గ్యాప్ సరిగ్గా కొలవలేం. కాబట్టి కొత్త పాయింట్లు. పాయింట్లు మార్చాక టైమింగ్ చూడక తప్పదు.

వైరింగ్: నేను చేసిన తప్పు మీరు చేయకండి

క్యాప్ బాగా తుడుద్దామని ప్లగ్గు వైర్లన్నీ పీకేశాను. ముందు ఫోటో తీయలేదు. కోడ్ మార్చే ముందు బ్యాకప్ తీసుకోమని పదిమందికి చెప్పినవాణ్ని, ఫోన్ జేబులో ఉండి కూడా తీయలేదు.

ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. రేడియేటర్ వైపు ఉన్నది ఒకటో సిలిండర్. అది గుర్తుంది. క్యాప్‌లో ఒకటో స్థానం నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో 1, 3, 4, 2 అని వరసగా పెట్టేశాను. సెల్ఫ్ కొట్టాం. ఇంజిన్ లేచింది గానీ కుంటుతోంది. ఎయిర్ ఫిల్టర్ తీసి ఉంది. ఏమైందా అని వంగాను. కార్బొరేటర్ నోట్లోంచి ఢామ్మని మంట వచ్చింది. నా కుడి చేతి మీద వెంట్రుకలు మాడిపోయాయి. మావయ్య పక్కనే ఉన్న తడి గోనెసంచి తీసి మీద కప్పేశాడు.

"అల్లుడూ, బండిని ఇనుముకిద్దామనుకున్నాను గానీ తగలబెడదామనుకోలేదురా" అన్నాడు.

తప్పేమిటంటే, పైనుంచి చూస్తే ఈ డిస్ట్రిబ్యూటర్‌లో రోటర్ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. వరస కరెక్టే, దిశ తప్పు. దాంతో 1, 4 సిలిండర్లకి స్పార్క్ సరిగ్గానే అందింది. 2, 3 మాత్రం ఒకదానిది ఇంకొకదానికి వెళ్లింది. ఈ రెండు పిస్టన్లు కలిసే పైకొస్తాయి. ఒకటి కంప్రెషన్‌లో ఉంటే రెండోది పొగ బయటికి తోసి, కొత్త పెట్రోల్ గాలి పీల్చడానికి వాల్వు అప్పుడప్పుడే తెరుస్తూ ఉంటుంది. నేనిచ్చిన స్పార్క్ ఆ తెరిచిన వాల్వు దగ్గర పడింది. మంట వెనక్కి తిరిగి కార్బొరేటర్‌లోంచి బయటికొచ్చింది.

కాబట్టి మూడు మాటలు. విప్పేముందు ఫోటో. వైర్లకి 1, 2, 3, 4 అని టేపు అంటించి రాయడం. క్యాప్ తీసి, సెల్ఫ్ ఒక్కసారి తట్టి రోటర్ ఎటు తిరుగుతోందో కళ్లారా చూడడం. ఇంకో మాట: టెస్ట్ అయినా సరే ఎయిర్ ఫిల్టర్ తీసేసి స్టార్ట్ చేయకండి. పక్కన మంటలార్పే డబ్బా ఉంచుకోండి. గోనెసంచి ప్రతిసారీ చేతికందదు.

కాయిల్ వైర్లు కూడా చూసుకోవాలి. బ్యాటరీ మైనస్ బాడీకి ఉన్న బండిలో కాయిల్ ప్లస్‌కి స్విచ్ వైరు, మైనస్‌కి డిస్ట్రిబ్యూటర్ వైరు. తారుమారైతే బండి నడుస్తుంది గానీ స్పార్క్ బలం తగ్గుతుంది. పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో ప్లస్ బాడీకి ఉన్నవి ఉన్నాయి. అందుకే ముందు బ్యాటరీ చూడండి, తర్వాతే కాయిల్. లూకాస్ పద్ధతి వైరింగ్‌లో తాళం నుంచి వచ్చేది తెల్ల వైరు, డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లేది తెలుపు మీద నల్ల గీత. కానీ నలభై ఏళ్ల బండిలో ఎవరికి ఏ రంగు దొరికితే అది వేసి ఉంటారు. రంగుని నమ్మకండి, బల్బుని నమ్మండి.

పాయింట్ల గ్యాప్

టైమింగ్‌కి ముందు గ్యాప్. ఈ వరస మారకూడదు, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, స్పార్క్ ముందుకి జరుగుతుంది. తగ్గితే ఆలస్యమవుతుంది.

పాయింట్లు బిగించేటప్పుడు ఆ చిన్న ఫైబర్ వాషర్లు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో పెట్టండి. ఒక్కటి తప్పినా వైరు ఎర్త్‌కి తగిలి స్పార్కే ఉండదు. లోపలి ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి వెళ్లే చిన్న ఎర్త్ వైరు కూడా చూడండి. అది లోపల తెగి పైన తొడుగు మాత్రం బాగా కనిపిస్తూ ఉంటుంది.

ఇంజిన్ తిప్పడానికి ప్లగ్గులు నాలుగూ తీసేసి, టాప్ గేరులో పెట్టి, బండిని మెల్లగా నెట్టండి. సమతలం మీద చేయండి, చక్రం పక్కన కాలు పెట్టకండి. డిస్ట్రిబ్యూటర్ మధ్య ఇరుసుకి నాలుగు మూలలు ఉంటాయి. పాయింట్ల మడమ సరిగ్గా ఒక మూల మీద ఎక్కినప్పుడు గ్యాప్ ఎక్కువగా ఉంటుంది. అప్పుడు ఫీలర్ గేజ్ పెట్టండి. 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గేజ్ రాసుకుంటూ జారాలి, బిగుసుకోకూడదు. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు జరుగుతుంది. ప్లగ్గుల గ్యాప్ 0.6 మిల్లీమీటర్ల దగ్గర పెట్టాం.

మూలల మీద రవ్వంత గ్రీజు రాయండి. రాయకపోతే మడమ అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ నెమ్మదిగా వెనక్కి జారుతుంది. "బండి ముసలిదైంది, పుల్లింగ్ పోయింది" అనుకునే బండ్లలో కొన్నిటికి జబ్బు ఇంతే.

టైమింగ్ అంటే ఏమిటి?

పిస్టన్ పూర్తిగా పైకొచ్చాక స్పార్క్ ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. కానీ పెట్రోల్ గాలి ఒక్క క్షణంలో పేలదు, మంట పాకడానికి కొంచెం సమయం పడుతుంది. లెక్క కోసం రెండు మిల్లీసెకన్లు అనుకుందాం. ఇంజిన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే ఆ రెండు మిల్లీసెకన్లలో క్రాంక్ దాదాపు 10 డిగ్రీలు తిరుగుతుంది. 3000 దగ్గరైతే 36 డిగ్రీలు. మంట పాకే సమయం పెద్దగా మారకపోయినా ఇంజిన్ వేగం మారుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుగా పడాలి.

ఆ పని డిస్ట్రిబ్యూటర్ లోపలి రెండు చిన్న బరువులు చేస్తాయి. వేగం పెరిగితే అవి స్ప్రింగులని లాగి విచ్చుకుని ఇరుసుని ముందుకి తిప్పుతాయి. పక్కన గుండ్రటి డబ్బా ఉంటుంది కదా, అది వ్యాక్యూమ్ అడ్వాన్స్. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి తేలిగ్గా వెళ్తున్నప్పుడు ఇంకాస్త ముందుకి జరుపుతుంది. ఇదంతా ఒక్క సెన్సర్ లేకుండా, ఇనప ముక్కలతో! ఇది చూశాక నేను రాసిన కోడ్ గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

మనం పెట్టేది ఈ లెక్కకి మొదటి అంకె. అది తప్పితే మిగతాదంతా తప్పే. ఎక్కువ ముందుకి పెడితే పిస్టన్ పైకొస్తుండగానే మంట దాన్ని కిందికి నెడుతుంది. నాకింగ్ వస్తుంది, సెల్ఫ్ తన్నుతుంది, అలాగే నడిపితే పిస్టన్ దెబ్బతింటుంది. ఎక్కువ వెనక్కి పెడితే పుల్లింగ్ ఉండదు, ఇంజిన్ వేడెక్కుతుంది, పెట్రోల్ తాగుతుంది.

బల్బుతో టైమింగ్

మొదటి మెట్టు. ఒకటో ప్లగ్గు రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి బండి నెట్టించండి. వేలిని గాలి తోస్తే అది కంప్రెషన్. ఇది ముఖ్యం, ఎందుకంటే ఒక పూర్తి వరసలో పిస్టన్ రెండుసార్లు పైకొస్తుంది. అందులో ఒక్కటే మనకి కావాలి. ఆ సమయంలో రోటర్ ఒకటో వైరు వైపు చూస్తూ ఉండాలి. సరిగ్గా ఎదురు వైపు చూస్తుంటే క్రాంక్‌ని ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

రెండో మెట్టు. క్రాంక్ పుల్లీ అంచున చిన్న గాడి ఉంటుంది. దాని పక్కన టైమింగ్ కవర్ మీద మూడు ముళ్లు. పొడవైనది పిస్టన్ పూర్తిగా పైనున్న చోటు. మిగతా రెండూ దానికి 5, 10 డిగ్రీల ముందు. టార్చి పెట్టి, వంగి, గ్రీజు తుడిస్తే గానీ కనిపించవు. గాడిలో చుక్క తెల్ల పెయింట్ వేసుకోండి. మేము 5 డిగ్రీల ముల్లుతో మొదలుపెట్టాం. మీ బండి పుస్తకంలో ఏ అంకె ఉంటే దానికే పెట్టండి, కంప్రెషన్ నిష్పత్తిని బట్టి అది మారుతుంది. ముల్లు దాటిపోతే ఊరికే వెనక్కి లాగి ఆపకండి. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకి రండి. లేకపోతే గొలుసులో, పళ్లలో ఉన్న వదులు మనల్ని మోసం చేస్తుంది.

మూడో మెట్టు. బల్బు కాయిల్ మైనస్‌కి, ఎర్త్‌కి. తాళం ఆన్. డిస్ట్రిబ్యూటర్ మెడ దగ్గరి బోల్టు కొద్దిగా వదులు చేయండి. బాడీని రోటర్ తిరిగే దిశలో, అంటే ఎడమకి, బల్బు ఆరేదాకా తిప్పండి. ఇప్పుడు ఎదురు దిశలో, ఊపిరి బిగబట్టినంత నెమ్మదిగా తిప్పండి. బల్బు వెలిగిన చోట ఆపండి. పాయింట్లు అప్పుడే విడిపోయాయి. స్పార్క్ పుట్టే క్షణం అదే. బోల్టు బిగించండి. తాళం ఆఫ్ చేయండి.

ఆ చివరి మాట మర్చిపోకండి. కాయిల్ నిరోధం సుమారు 3 ఓమ్‌లు. పాయింట్లు మూసుకుని తాళం ఆన్‌లో ఉంటే 4 ఆంపియర్లు, అంటే 48 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌లాంటి వేడి, కాయిల్ కడుపులో. టీ తాగి వచ్చేలోపు కొత్త కాయిల్ కొనాల్సి వస్తుంది.

టైమింగ్ లైట్ ఉంటే వ్యాక్యూమ్ పైపు తీసి, దాని నోరు మూసి, స్లోలో చూడండి. రేజ్ చేస్తే తెల్ల చుక్క సాఫీగా జరగాలి. కదలకపోయినా, ఎగిరెగిరి పడినా లోపలి బరువులు తుప్పు పట్టినట్టు. రోటర్ తీసి ఇరుసు నెత్తిన రెండు చుక్కల నూనె వేయండి. వ్యాక్యూమ్ పైపుని నోటితో పీల్చి చూడండి. లోపలి ప్లేటు కదలాలి.

చివరి పరీక్ష రోడ్డు మీద

శనివారం సాయంత్రం మావయ్యే స్టీరింగ్ పట్టాడు. టాప్ గేరు, 40 స్పీడు, ఒక్కసారిగా తొక్కితే ఇంజిన్‌లో చిల్లర గలగలలాడినట్టు శబ్దం. నాకింగ్. ఆగి, బాడీని వెంట్రుకంత రోటర్ దిశలోకి జరిపాం. మళ్లీ తొక్కితే చివర్లో ఒక్క క్షణం గల్లుమంది, పోయింది. "ఇంకా కొంచెం తగ్గిద్దామా మావయ్యా?" అన్నాను. "వద్దు, ఉండనీ. ఇది దీని గొంతు, నాకు తెలుసు" అన్నాడు. నాకు లైటు, బల్బు, డిగ్రీలు కావాలి. ఆయనకి చెవి చాలు. ఇద్దరం వచ్చింది ఒకే చోటికి.

ఆదివారం పొద్దున్న ఇనుము వాళ్లు ఫోన్ చేశారు. మావయ్య బండి తుడుస్తూ ఫోన్ నాకిచ్చి, "వచ్చే నెల చూద్దాంలే అని చెప్పు" అన్నాడు. చెప్పాను.

మొత్తం వరస ఇంకోసారి: వేడి మీద స్పార్క్ చూడండి, బల్బుతో వైరింగ్ చూడండి, ఫోటో తీశాకే విప్పండి, ముందు గ్యాప్, తర్వాత టైమింగ్, చివర రోడ్డు. మీ ఇంట్లో కూడా ఇలా కవర్ కప్పుకుని మూలన పడి ఉన్న బండి ఉంటే, అమ్మేముందు ఒక బల్బు, రెండు వైర్లు పట్టుకుని ఒక పూట దాని దగ్గర కూర్చోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బండి బ్రేకులు విప్పుదాం.